ఇంగ్లిష్ మాట పుట్టుక తెలుసుకోవాలంటే ఏ నిఘంటువు మేలు?

మాట అర్థం ఎక్కడైనా దొరుకుతుంది, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎందులో చూడాలని చాలామంది అడుగుతున్నారు. రోజూ వాడే 'నైస్' మాటను నాలుగుచోట్ల వెతికితే తేడా తెలుస్తుంది.

మాటల పుట్టుక చెప్పే ఎటిమాన్‌లైన్ ఉచితం, పని చకచకా అయిపోతుంది. డగ్లస్ హార్పర్ ఒక్కరే మొదలుపెట్టిన సైట్ ఇది. 'తెలియనివాడు' అనే అర్థమున్న లాటిన్ మాట పాత ఫ్రెంచ్ మీదుగా వచ్చిందనీ, ఇంగ్లిష్‌లో మొదట 'తెలివితక్కువ' అనే అర్థం ఉండేదనీ, 'బాగుంది' అనే అర్థం 1769 నాటికి కనబడుతుందనీ ఒక్క పేరాలో చెప్పేస్తుంది. తిట్టు పొగడ్త ఎలా అయిందో మాత్రం ఆ పేరాతో పూర్తిగా అంతుపట్టదు.

అది చూడాలంటే ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీకే వెళ్లాలి. 1884లో తొలి భాగం, 1928లో మొదటి కూర్పు మొత్తం వచ్చాయి. పాత పుస్తకాలు చదివి వాక్యాలు చీటీల మీద రాసి పంపిన పాఠకుల శ్రమ అందులో ఉంది. ప్రతి అర్థం కిందా ఆ వాక్యాలు తేదీలతో సహా ఉంటాయి. వరసగా చదువుతూ పోతే తెలివితక్కువతనం, అతి సున్నితం, నిశితత్వం ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ రావడం కళ్లకు కడుతుంది. సూక్ష్మమైన తేడాను 'నైస్ డిస్టింక్షన్' అనడం ఇప్పటికీ ఉంది కదా, అది నిశితత్వం అనే ఆ నడిమి అర్థంలో మిగిలిందే.

నా లెక్కలో అసలు తేల్చేది ఈ వాక్యాలే. దర్జా అనే అర్థమున్న 'పాష్' మాట ఓడ టికెట్ల మీది 'పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్' (వెళ్లేటప్పుడు ఓడ ఎడమవైపు, తిరిగొచ్చేటప్పుడు కుడివైపు) పొడి అక్షరాల నుంచి పుట్టిందనే కథ వినే ఉంటారు. అలా అచ్చు వేసిన టికెట్ ఒక్కటీ బయటపడలేదు. సాక్ష్యం అడగడం అలవాటైతే ఇలాంటి కథలు మనల్ని మోసం చేయలేవు.

అమెరికన్ నిఘంటువు మెరియం-వెబ్‌స్టర్ మంచిదే, కానీ ఒక జాగ్రత్త. అర్థాలను పాతదాని నుంచి కొత్తదానికి పేరుస్తుంది. మొదట కనబడేదే ముఖ్యమైన అర్థం అనుకుంటే పొరపాటే. అది ఇచ్చే తొలి వాడుక తేదీ కూడా అన్నిటికన్నా పాత అర్థానిదే. ఎవరైనా రాయగల ఆన్‌లైన్ నిఘంటువు విక్షనరీ వేరే భాషల్లోని చుట్టపు మాటలు చూడటానికి పనికొస్తుంది, అంతే.

ఆక్స్‌ఫర్డ్ పూర్తిగా చదవాలంటే చందా కట్టాలి. చాలా లైబ్రరీలు తమ సభ్యులకు దాన్ని ఉచితంగా ఇస్తాయి, ముందు అది కనుక్కోండి. దొరక్కపోతే ఎటిమాన్‌లైన్‌తో మొదలుపెట్టి, అనుమానం వచ్చిన మాటలను మాత్రం రాసి పెట్టుకోండి.