ల్యాప్‌టాప్: మేడ్ ఇన్ ఇండియానా, మేడ్ ఇన్ చైనానా?

తిరగేస్తే అడుగున చిన్న అక్షరాల్లో దేశం పేరు కనిపిస్తుంది.

ధర: రెండింటికీ జీఎస్టీ 18 శాతమే. చైనా నుంచి వచ్చినదానిపై బేసిక్ కస్టమ్స్ సుంకం కూడా లేదు. పేరు చూసి రెండు వేలు ఎక్కువ పెట్టకండి.

నాణ్యత: ఇక్కడ శ్రీపెరంబుదూరులో బిగించినా, అక్కడ బిగించినా ప్రాసెసర్ ఒకటే. ఇక్కడిది నాసిరకమన్న భయం అనవసరం.

వారంటీ: అసలు టెన్షన్ ఇదే. తయారైన దేశం కాదు, కొన్న దేశం ముఖ్యం. మా తమ్ముడు అమెరికా నుంచి తెచ్చినదానికి కీబోర్డు పాడైతే ఇక్కడ ఉచితంగా మార్చలేదు, డబ్బు కట్టాల్సి వచ్చింది.

మోడల్, ధర ఒకటే అయితే ఇక్కడి కార్మికులకు పని దొరుకుతుంది కాబట్టి ఇండియాదే తీసుకోండి. అదే ధరకు చైనాదానిలో ర్యామ్ ఎక్కువుంటే, ఏళ్లపాటు వాడేవారికి అదే మేలు.