ఇటలీలో కారు అద్దెకు తీసుకునేవారికి హెచ్చరిక: జరిమానా కంటే ముందు వచ్చే కోత

ఇటలీలో కారు అద్దెకు తీసుకుని స్వయంగా నడుపుకోదలచినవారు ఒప్పందంపై సంతకం చేసే ముందు ఈ సంగతి తెలుసుకోవలసిందిగా మనవి. మేము ఫ్లోరెన్స్ నుంచి తిరిగివచ్చిన కొన్ని నెలల తరువాత, అద్దె సంస్థ ఏ సమాచారమూ ఇవ్వకుండానే మా క్రెడిట్ కార్డు నుంచి 50 యూరోలు వసూలు చేసుకుంది. అది జరిమానా కాదు. మా పేరు, చిరునామా అక్కడి పోలీసులకు అందజేసినందుకు సంస్థ తీసుకున్న రుసుము మాత్రమే. అసలు జరిమానా నోటీసు ఆ తరువాత తపాలాలో వచ్చింది.

దీనికంతటికీ మూలం అక్కడ జెడ్‌టీఎల్ అని పిలిచే పరిమిత రాకపోకల ప్రాంతం. ఫ్లోరెన్స్, రోమ్, పీసా, సియెనా వంటి నగరాల పాత బస్తీలలోకి నిర్ణీత వేళల్లో అనుమతి ఉన్న వాహనాలు తప్ప వేరేవి వెళ్లకూడదు. చాలాచోట్ల గేటు ఉండదు, ఆపే పోలీసూ ఉండడు. ఎర్రని అంచుతో తెల్లని గుండ్రటి బోర్డు, నంబరు ప్లేటును చదివే కెమెరా మాత్రమే ఉంటాయి. ఎలక్ట్రానిక్ పలకపై "వార్కో అత్తీవో" అని వెలుగుతున్నదంటే లోపలికి వెళ్లకూడదు. దారి వెతుక్కుంటూ ఆ వీధుల్లోనే ఎన్నిసార్లు తిరిగితే అన్ని నోటీసులు రావచ్చు, ప్రతి నోటీసుకూ సంస్థ రుసుము విడిగా పడవచ్చు.

ఆ ప్రాంతంలోని హోటళ్లు తమ అతిథుల కారు నంబరును పురపాలక సంస్థ వద్ద నమోదు చేయించగలవు. మా హోటలువారు చేయిస్తామని ఫోనులో చెప్పారు, చేయించలేదు. తరువాత మేము రాసిన మెయిళ్లకు జవాబూ ఇవ్వలేదు. కనుక నంబరు నమోదైనట్లు రాతపూర్వకంగా తీసుకున్న తరువాతే లోపలికి వెళ్లండి. అంతకంటే మేలైన మార్గం, ఏ1 మోటారు రహదారి పక్కనే ఉన్న విల్లా కోస్తాంజా పార్కింగులో కారు నిలిపి, అక్కడి నుంచే ట్రాములో ఫ్లోరెన్స్ నడిబొడ్డుకు చేరుకోవడం.

అద్దె కౌంటరులో అదనపు బీమా అంటగట్టడానికి చూపిన ఉత్సాహం ఈ రుసుము గురించి చెప్పడంలో లేదు. అది ఒప్పందంలోని సన్నని అక్షరాల్లో ఉంది. ఎంత ఖరీదైన బీమా తీసుకున్నా జరిమానాలకు వర్తించదు కాబట్టి, ఒక్కో నోటీసుకు ఎంత తీసుకుంటారో సంతకానికి ముందే అడగండి. మన లైసెన్సుతో పాటు ఆర్టీఓ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా దగ్గర ఉండాలి. అది మన దేశంలో ఫారం 4ఏ ద్వారా 1000 రూపాయల రుసుముకే దొరుకుతుంది. మూడేళ్లు, పదేళ్లు చెల్లుతుందంటూ అంతర్జాలంలో అమ్మే కార్డులు కొనకండి.

విదేశాల్లో నివసించేవారికి నోటీసు పంపడానికి ఇటలీ చట్టం 360 రోజుల గడువు ఇస్తుంది, అది కూడా సాధారణంగా నడిపినవారి వివరాలు పోలీసులకు అందిన నాటి నుంచి. అందువల్ల ఒప్పందాన్ని, హోటలు మెయిళ్లను ఏడాదికి పైగా భద్రపరచండి. నోటీసు అందిన 5 రోజుల్లో చెల్లిస్తే జరిమానాలో 30 శాతం తగ్గుతుంది. 60 రోజులు దాటితే బాగా పెరుగుతుంది.

మిలాన్ వైపు వెళ్లేవారు ఇంకొకటి గమనించాలి. ఏ36 రహదారిపై టోల్ బూత్‌లు లేవు; ప్రయాణించిన 15 రోజుల్లోగా టోలును ఆన్‌లైన్‌లో మనమే చెల్లించాలి, లేకపోతే ఆ బకాయి కూడా అద్దె సంస్థ మీదుగా, దాని రుసుముతో సహా, మన కార్డుకే చేరవచ్చు.