డిపెండెన్సీ దొరకలేదంటే ఏది మేలు: క్యాష్ తుడవడమా, రిపాజిటరీ సరిచేయడమా, వెర్షన్ మార్చడమా, ఫైల్ తెచ్చి పెట్టుకోవడమా?

ఎప్పుడో రాసిన ఆండ్రాయిడ్ యాప్‌లో చిన్న మార్పు చేయాల్సి వచ్చింది. చాలాకాలంగా ఎవరూ ముట్టుకోని ప్రాజెక్టు అది. కొత్త ల్యాప్‌టాప్‌లోకి కోడ్ దింపుకుని బిల్డ్ కొడితే, డిపెండెన్సీగా, అంటే యాప్‌కి బయటి నుంచి కావాల్సిన కోడ్‌గా రాసుకున్న ఒక లైబ్రరీ దొరకలేదంటూ ఎర్రర్ వచ్చింది. పక్క సీటు సహోద్యోగి మెషీన్‌లో మాత్రం అదే కోడ్ చక్కగా బిల్డ్ అవుతోంది. తేడా ఎక్కడుందో తేల్చుకుందామని అతను తన గ్రేడిల్ (యాప్‌ని బిల్డ్ చేసే టూల్) దింపి దాచుకున్న ఫైళ్లని, అంటే క్యాష్ మొత్తాన్ని తుడిచేసి మళ్లీ బిల్డ్ పెట్టాడు. ఇప్పుడు రెండు మెషీన్లలోనూ అదే ఎర్రర్.

ఆ లైబ్రరీ ఒకప్పుడు జేసెంటర్ అనే రిపాజిటరీలో, అంటే లైబ్రరీలు దింపుకునే ఆన్‌లైన్ నిల్వలో ఉండేది. జేసెంటర్‌ని ఆపేస్తున్నామని దాన్ని నడిపే జేఫ్రాగ్ కంపెనీ 2021 ఫిబ్రవరిలోనే ప్రకటించింది. కొత్తవి ఎక్కించడం ఆపినా, ఉన్నవాటిని దింపుకునే వీలు ఆ తర్వాత కూడా చాలాకాలం ఉంచారు. 2024 ఆగస్టులో మాత్రం ఆ అడ్రసుకి వచ్చే రిక్వెస్టులన్నిటినీ అలాంటిదే మరో రిపాజిటరీ అయిన మావెన్ సెంట్రల్‌కి మళ్లించారు. రాసినవాళ్లు మావెన్ సెంట్రల్‌లోకి ఎక్కించని లైబ్రరీ అప్పటినుంచి ఆ దారిన దొరకదు. సహోద్యోగి మెషీన్‌లో ఉన్నది మాకు అందుబాటులో ఉన్న కాపీ. దాన్ని చేజేతులా చెరిపేసుకున్నాం.

అందుకే ఈ నాలుగు మార్గాల్లో ఏది ముందు, ఏది వెనక అన్నది నాకు చాలా ముఖ్యమైన విషయం. నాలుగూ పనికొచ్చేవే, కానీ ఒక్కోటీ ఒక్కో జబ్బుకి మందు. జబ్బేమిటో ఎర్రర్‌లోనే రాసి ఉంటుంది. చాలామంది మొదటి ఎర్ర లైన్ చూసి ఆగిపోతారు, అసలు సంగతి దాని కింద ఉంటుంది.

గ్రేడిల్ 'కుడ్ నాట్ ఫైండ్' అందంటే, అది వెళ్లి అడిగిన ప్రతి చోటా ఆ ఫైల్ లేదనే జవాబు వచ్చిందని అర్థం. దాని కిందే ఎక్కడెక్కడ వెతికిందో పూర్తి అడ్రసులతో జాబితా ఇస్తుంది. ఆ కింద 'రిక్వైర్డ్ బై' అని, ఈ లైబ్రరీని ఎవరు అడిగారో చెబుతుంది. అక్కడ మీ యాప్ పేరు ఒక్కటే ఉంటే మీరు రాసిన లైనే అడిగింది. మీ యాప్ తర్వాత బాణం గుర్తు, ఆపైన ఇంకో లైబ్రరీ పేరు ఉంటే, మీరు తెచ్చుకున్న లైబ్రరీ తన వెంట మరొకదాన్ని అడుగుతోంది. 'కుడ్ నాట్ గెట్' అని, పక్కన 401 అనో 502 అనో ఉంటే కథ వేరు. సర్వర్ లోపలికి రానివ్వలేదు, లేదా సర్వరే పడిపోయింది. ఇలాంటప్పుడు గ్రేడిల్ జాబితాలోని తర్వాతి రిపాజిటరీకి వెళ్లదు, అక్కడే ఆగిపోతుంది. 404, అంటే ఆ ఫైల్ లేదన్న జవాబు వస్తేనే ముందుకు వెళుతుంది. ఆఫ్‌లైన్ మోడ్‌లో ఉన్నామని చెప్పే మెసేజ్ కూడా వేరేగా ఉంటుంది, దానికి ఆండ్రాయిడ్ స్టూడియోలో ఆ మీట ఆపేస్తే చాలు.

ఇక క్యాష్ తుడవడం సంగతి. అందరూ మొదట చేసేది ఇదే. నా లెక్కలో ఇది చివరి వరుసలో ఉండాలి. మొదటి చిక్కు ఏమిటంటే, 'క్లీన్' అన్న పేరుతో జరిగేవి మూడు వేర్వేరు పనులు. ఆండ్రాయిడ్ స్టూడియోలో క్లీన్ ప్రాజెక్ట్ నొక్కితే మీ ప్రాజెక్టులోని బిల్డ్ ఫోల్డర్లు పోతాయి, అంతే. దింపుకున్న లైబ్రరీల జోలికి అది వెళ్లదు. ఇన్‌వాలిడేట్ క్యాషెస్ నొక్కితే స్టూడియో తనకోసం రాసుకున్న ఇండెక్సులు పోతాయి, లైబ్రరీలు అలాగే ఉంటాయి. అంటే దొరకని డిపెండెన్సీకి ఈ రెండూ మందు కావు. మూడోది హోమ్ ఫోల్డర్‌లోని డాట్ గ్రేడిల్ లోపల క్యాషెస్ ఫోల్డర్ తీసేయడం. ఇది నిజంగానే అన్నీ మళ్లీ దింపిస్తుంది. డౌన్‌లోడ్ సగంలో ఆగి ఫైల్ పాడైతే పనికొస్తుంది. కానీ ఆ పనికి కూడా 'రిఫ్రెష్ డిపెండెన్సీస్' ఫ్లాగ్‌తో బిల్డ్ పెట్టడమే మేలు. అది రిపాజిటరీలను కొత్తగా అడుగుతుంది, చెక్‌సమ్ (ఫైల్ మారలేదని తేల్చే గుర్తు) సరిపోయిన ఫైళ్లను మళ్లీ దింపదు, మీ దగ్గరున్న కాపీలను చెరపదు.

ఈ నాలుగింటిలో వెనక్కి తిరిగిరాని పని క్యాష్ తుడవడం ఒక్కటే. రిపాజిటరీ లైన్ తప్పైతే తీసేయవచ్చు, వెర్షన్ తప్పైతే పాతది రాసుకోవచ్చు. చెరిపేసిన ఫైల్ ఎక్కడా లేకపోతే ఏం చేస్తాం? ఒక మెషీన్‌లో బిల్డ్ అయి ఇంకోదాంట్లో అవట్లేదంటే, అయ్యే మెషీన్ జోలికి ఎవరూ వెళ్లకూడదు. ముందు దాని క్యాష్ కాపీ తీసి పక్కన పెట్టుకోవాలి.

నా ఓటు ముందుగా రిపాజిటరీల జాబితాకే. దొరకట్లేదన్న లైబ్రరీ ఎక్కడో ఒకచోట ఉండి, మన ప్రాజెక్టుకి ఆ చోటు తెలియకపోవడమే చాలాసార్లు అసలు కారణం. దీన్ని తేల్చడానికి బిల్డ్ పదిసార్లు కొట్టక్కర్లేదు. ఎర్రర్ ఇచ్చిన జాబితాలో మావెన్ సెంట్రల్ అడ్రసుని కాపీ చేసి బ్రౌజర్‌లో పెట్టండి. 404 వస్తుంది. ఇప్పుడు అడ్రసు చివరి నుంచి ఒక్కో స్లాష్ వరకు కోసుకుంటూ పైకి రండి. జాబితా ఇక్కడ చూపించం, వేరే అడ్రసులో చూడండి అని వస్తే అక్కడున్న లింక్ నొక్కండి. రెండు మెట్లు ఎక్కగానే వెర్షన్ల జాబితా కనిపించిందంటే లైబ్రరీ ఉంది, మీరు అడిగిన వెర్షనే లేదు. లైబ్రరీ పేరున్న ఫోల్డరే లేకపోతే అది ఇక్కడ లేదు, ఇంకో చోట వెతకాలి. ఈ చిన్న పరీక్షతో రిపాజిటరీ మార్చాలా, వెర్షన్ మార్చాలా అన్నది తేలిపోతుంది.

చోటు చేర్చడంలోనూ తప్పటడుగులు పడతాయి. గూగుల్ ఇచ్చే ఆండ్రాయిడ్ఎక్స్ లైబ్రరీలు దాని సొంత రిపాజిటరీ గూగుల్ మావెన్‌లో ఉంటాయి, మావెన్ సెంట్రల్‌లో వెతికితే దొరకవు. కాబట్టి ఆ రెండూ జాబితాలో ఉండాలి. పాత ట్యుటోరియల్ చూసి ప్రాజెక్టు బిల్డ్ ఫైల్‌లో ఆల్‌ప్రాజెక్ట్స్ బ్లాక్ కింద చేరిస్తే, ఈ రోజుల్లోని ప్రాజెక్టుల్లో అది చెల్లదు. గ్రేడిల్ 6.8 నుంచి రిపాజిటరీల జాబితాని సెట్టింగ్స్ ఫైల్‌లోనే ఉంచుకునే వీలు వచ్చింది. ఆండ్రాయిడ్ స్టూడియో తయారుచేసే కొత్త ప్రాజెక్టులు ఇంకోచోట రాస్తే బిల్డ్ ఆపేసేలా అమర్చి వస్తున్నాయి. అదే ఫైల్‌లో రెండు జాబితాలుంటాయి, ఒకటి ప్లగిన్లకి, ఇంకోటి లైబ్రరీలకి. లైబ్రరీ చోటుని ప్లగిన్ల జాబితాలో రాసి, ఎందుకు దొరకట్లేదా అని గంటలు కూర్చున్నవాళ్లని చూశాను. జేసెంటర్ లైన్ ఇంకా ఉంటే తీసేయండి. గ్రేడిల్ 7 నుంచి అది వద్దని హెచ్చరిస్తోంది, 9లో పూర్తిగా తీసేశారు.

జిట్‌ప్యాక్‌ని చేర్చేటప్పుడు మాత్రం కాస్త జాగ్రత్త కావాలి. గిట్‌హబ్‌లో ఉన్న కోడ్‌ని అడిగినప్పుడు బిల్డ్ చేసి ఇచ్చే చోటు అది. జేసెంటర్ నుంచి అక్కడికి మారిన లైబ్రరీ పేరు మారి ఉంటుంది. గ్రూప్ పేరు గిట్‌హబ్ యూజర్ పేరుతో, వెర్షన్ గిట్ ట్యాగ్ పేరుతో వస్తాయి. రిపాజిటరీ చేర్చి పాత పేరే ఉంచితే మళ్లీ అదే ఎర్రర్. ఇంకో మాట. కొత్తగా చేర్చిన ప్రతి చోటూ మీ యాప్‌లోకి కోడ్ వచ్చే కొత్త తలుపు. గ్రేడిల్ రాసిన వరుసలోనే వెతుకుతుంది, ముందు దొరికినచోటు నుంచే తెస్తుంది. అందుకే జిట్‌ప్యాక్ లాంటివాటిని జాబితా చివర పెట్టి, ఫలానా గ్రూప్ లైబ్రరీలకి మాత్రమే అక్కడికి వెళ్లమని కంటెంట్ ఫిల్టర్‌తో కట్టడి చేయాలి. నాలుగు లైన్ల పని, తప్పకుండా చేయండి.

వెర్షన్ మార్చడం ఎప్పుడు మేలంటే, పైన చెప్పిన పరీక్షలో లైబ్రరీ ఉండి వెర్షన్ లేనప్పుడు. ఎర్రర్‌లో లైబ్రరీ పేరు తర్వాత కోలన్ ఉండి, దాని తర్వాత అంకెలేమీ లేకుండా చుక్కతో ఆగిపోయిందేమో గమనించండి. అంటే మీరు వెర్షన్ ఇవ్వలేదు, ఇస్తుందనుకున్న బామ్ (ఒక కుటుంబం లైబ్రరీలన్నిటి వెర్షన్లూ రాసి ఉండే జాబితా) కూడా ఇవ్వలేదు. గూగుల్ వాళ్ల ఫైర్‌బేస్ లైబ్రరీలు వాడేవాళ్లకి ఇది బాగా ఎదురైంది. 2025 జులైలో వచ్చిన ఫైర్‌బేస్ బామ్ 34.0.0లో కోట్లిన్ కోసం విడిగా ఉండే కేటీఎక్స్ లైబ్రరీలను తీసేశారు. బామ్‌ని పెంచి, కింద లైబ్రరీ పేర్లకి చివర కేటీఎక్స్ అలాగే ఉంచినవాళ్లకి వెర్షన్ ఖాళీగా ఉన్న ఎర్రర్ వచ్చింది. పేరు చివర ఆ ముక్క తీసేసి, కోట్లిన్ ఫైళ్లలో ఇంపోర్టులు సరిచేస్తే సరిపోతుంది. క్యాష్ ఎన్నిసార్లు తుడిచినా దీనికి ఫలితం ఉండదు.

వెర్షన్ పెంచితే మిగతావీ కదులుతాయని మాత్రం మర్చిపోకండి. కొత్త వెర్షన్ మినిమమ్ ఎస్‌డీకే (యాప్ నడిచే కనీస ఆండ్రాయిడ్ వెర్షన్) ఎక్కువ అడగవచ్చు, తన వెంట వేరే లైబ్రరీల కొత్త వెర్షన్లు తేవచ్చు. ఒకే లైబ్రరీని ఇద్దరు వేర్వేరు వెర్షన్లలో అడిగితే గ్రేడిల్ మామూలుగా ఎక్కువదాన్నే తీసుకుంటుంది. మార్చే ముందూ తర్వాతా డిపెండెన్సీ ఇన్‌సైట్ టాస్క్ నడిపి పోల్చుకుంటే ఏది ఎందుకు కదిలిందో కనిపిస్తుంది. వెర్షన్ చోట ప్లస్ గుర్తు పెట్టి చేతులు దులుపుకోవడం మాత్రం వద్దు, ఈ రోజు బిల్డ్‌కీ వచ్చే నెల బిల్డ్‌కీ కోడ్ ఒకటే అన్న భరోసా పోతుంది.

ఇక ఎక్కడా దొరకని లైబ్రరీ. ఏఏఆర్ ఫైల్ (ఆండ్రాయిడ్ లైబ్రరీ ప్యాకేజీ) సంపాదించి లిబ్స్ ఫోల్డర్‌లో పెట్టడం చాలామంది చేసే పని. బిల్డ్ పాసవుతుంది, యాప్ తెరిచాక ఫలానా క్లాస్ లేదంటూ క్రాష్ అవుతుంది. కారణం సులువే. ఏఏఆర్ ఒక్కటే పెడితే, ఆ లైబ్రరీకి ఇంకేం కావాలో చెప్పే పామ్ ఫైల్ దాంతో రాదు. అవన్నీ మనమే చేత్తో రాయాలి. దీనికంటే ప్రాజెక్టు లోపలే ఒక ఫోల్డర్‌ని మావెన్ రిపాజిటరీలా అమర్చి, ఏఏఆర్, పామ్ రెండూ అందులో పెట్టి, సెట్టింగ్స్ ఫైల్‌లో ఆ ఫోల్డర్‌ని ఒక రిపాజిటరీగా చూపించడం ఎంతో నయం. లైబ్రరీ పేరు మారదు, బిల్డ్ సర్వర్‌లోనూ పనిచేస్తుంది. మావెన్ లోకల్‌ని వాడటం దీనికి బదులు కాదు, అది ఎవరి మెషీన్‌లో వాళ్లకే ఉంటుంది. టీమ్ పెద్దదైతే సొంతంగా మిర్రర్ సర్వర్ నడపడం వీటన్నిటికంటే మంచిది. ఒకసారి దిగిన లైబ్రరీ అందులో నిలిచిపోతుంది, కాకపోతే దాన్ని చూసుకునే మనిషి కావాలి.

వేరే చోట్ల కూడా లెక్క ఇదే, పేర్లే మారతాయి. రియాక్ట్ నేటివ్‌లో నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ తీసేస్తే నష్టం తక్కువ, దాంతోపాటు ఏ వెర్షన్లు వాడామో రాసిపెట్టే లాక్ ఫైల్ కూడా తీసేస్తే మాత్రం వెర్షన్లన్నీ ఒక్కసారిగా కదిలిపోతాయి. లాక్ ఫైల్ ఉంచి, అందులో ఉన్నట్టే దింపే ఎన్‌పీఎం సీఐ కమాండ్ నడపడం మేలు. అక్కడ కూడా లైబ్రరీ మాయమవడం కొత్తేమీ కాదు, 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని తీసేస్తే లోకమంతా బిల్డులు ఆగిపోయాయి. ఐఓఎస్‌లో పాడ్ (అక్కడ లైబ్రరీని అలా పిలుస్తారు) దొరకనప్పుడు పాడ్ అప్‌డేట్ కొట్టడం కంటే, రెపో అప్‌డేట్ ఫ్లాగ్‌తో పాడ్ ఇన్‌స్టాల్ నడపడం మంచిది, లాక్ ఫైల్‌లోని వెర్షన్లు నిలబడతాయి. ఫ్లటర్‌లో వెర్షన్‌ని బలవంతంగా నిర్ణయించే డిపెండెన్సీ ఓవర్‌రైడ్స్ గొడవని అణిచిపెడుతుంది కానీ తీర్చదు, గడువు పెట్టుకుని వాడాలి.

మా లైబ్రరీ చివరికి బిల్డ్ సర్వర్‌లో దొరికింది. దాని క్యాష్‌లో మాడ్యూల్స్-2, ఫైల్స్-2.1 ఫోల్డర్ కింద గ్రూప్ పేరు, లైబ్రరీ పేరు, వెర్షన్ దాటి లోపలికి వెళితే, పొడవాటి హ్యాష్ పేర్లున్న రెండు ఫోల్డర్లలో ఒకదాంట్లో ఏఏఆర్, ఒకదాంట్లో పామ్ కనిపించాయి. రెండూ కాపీ చేసుకున్నాక ప్రాజెక్టులోనే రిపాజిటరీ ఫోల్డర్ అమర్చి బిల్డ్ కొట్టాం, ఈసారి దొరికింది. ఆ లైబ్రరీ నుంచి మేం వాడుతున్నది ఒక్క క్లాసేనని తెలిశాక, ఆ తర్వాతి రిలీజ్‌కి దాన్ని మేమే రాసుకుని డిపెండెన్సీ లైన్ తీసేశాం.