బెర్లిన్‌లో ఇల్లు చూసుకునే ముందు

మా ఆయన ఉద్యోగం కోసం ఏడాది ఉందామని బెర్లిన్ వచ్చాం. మొదటి నెలకి ప్రెంజ్‌లావర్ బెర్గ్‌లో ఫర్నిచర్‌తో సహా ఒక ఫ్లాట్ ఆన్‌లైన్‌లో తీసుకున్నాం. ఎత్తైన పైకప్పు, వీధంతా చెట్లు, కిందే బేకరీ. దిగగానే తెగ నచ్చేసింది. కానీ ఓనరు ఆన్‌మెల్డుంగ్‌కి కాగితం ఇవ్వనన్నాడు.

ఆన్‌మెల్డుంగ్ అంటే చిరునామా నమోదు. ఇంట్లో దిగిన రెండు వారాల్లో చేయించుకోవాలి, దానికి ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం పెట్టిన పత్రం కావాలి. కొత్తగా వచ్చినవాళ్లకి ఆ నమోదు అయ్యాకే టాక్స్ నంబరు పోస్టులో వస్తుంది. అది ఆఫీసులో ఇవ్వకపోతే జీతంలో పన్ను బాగా ఎక్కువ కోస్తారు. ఆ నెలంతా మాకు టెన్షనే. అంత అందమైన ఇంట్లో ఉన్నామన్న సంతోషం కూడా మిగల్లేదు.

రెండో ఇల్లు వెడ్డింగ్ అనే పేటలో దొరికింది. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు, వంటింటి కిటికీ లోపలి పెరట్లోకి. అయినా ఓనరమ్మ మొదటి రోజే పత్రం చేతిలో పెట్టింది. నా ఓటు ఈ ఇంటికే. ఆ పేటలోని లియోపోల్డ్‌ప్లాట్జ్ స్టేషన్‌లో రెండు మెట్రో లైన్లు కలుస్తాయి. టర్కీ వాళ్ల కొట్లలో బెండకాయలు, పుదీనా, పెద్ద పెద్ద కొత్తిమీర కట్టలు దొరుకుతాయి. ఆ కట్ట చూసిన రోజు నాకు ప్రాణం లేచొచ్చింది.

ప్రకటనలో "కాల్ట్" అని రాసిన అద్దె చూసి లెక్క వేసుకోకండి. నీళ్లు, మెయింటెనెన్స్ లాంటివి దాని మీద కలుస్తాయి, కరెంటు చాలావరకు వేరే. అడ్వాన్సు మూడు నెలల కాల్ట్ అద్దె మించి అడగకూడదని చట్టం. కొన్ని ఇళ్లలో వంటగట్టు, పొయ్యి కూడా ఉండవు, అడిగి తెలుసుకోండి.

తిరగడానికి డాయిచ్‌లాండ్ టికెట్ తీసుకున్నాం. 2023లో 49 యూరోలతో మొదలైంది, 2026 జనవరి నుంచి నెలకి 63. దేశమంతా సిటీ బస్సులు, మెట్రోలు, ప్రాంతీయ రైళ్లకు చెల్లుతుంది, ఐసీఈ లాంటి ఫాస్ట్ రైళ్లకు మాత్రం కాదు.

ఆదివారం దాదాపు దుకాణాలన్నీ మూసేస్తారు. ఆ రోజంతా ఇళ్లలోనూ చప్పుడు చేయకూడదు. అందుకని దోశల పిండి శనివారం సాయంత్రమే రుబ్బేస్తున్నాను.

ఇంకొకటి, ఇక్కడ ఫ్లాట్లకి నంబర్లు సాధారణంగా ఉండవు. పోస్టుబాక్సు మీద పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. కాగితం ముక్క మీద మా ఇంటిపేరు రాసి అంటించాను. మూడు వారాలకి టాక్స్ నంబరు ఆ డబ్బాలోకే వచ్చింది.