అనంతపురంలో చిత్రపటాల ముద్రణ: పనితనం మంచిదే, మెరుపుతోనే చిక్కు

మహిళా దినోత్సవ ప్రదర్శన కోసం అమెరికన్ కుడ్యచిత్రకారిణి మారియన్ గ్రీన్‌వుడ్ జీవితంపై పటాలు వేయించే పనిని కమలానగర్‌లోని ఒక డిజిటల్ ప్రింటింగ్ దుకాణానికి అప్పగించాము. 1909లో బ్రూక్లిన్‌లో జన్మించిన ఆమె, 1933లో మెక్సికోలోని మొరేలియా విశ్వవిద్యాలయ గోడపై అక్కడి ఆదివాసుల జీవనాన్ని చిత్రించి, తర్వాత మెక్సికో నగరంలోని అబెలార్దో రోద్రిగెస్ మార్కెట్‌లో సోదరి గ్రేస్‌తో పాటు గోడలకు బొమ్మలు వేశారు.

మెక్సికోలో ఆమె బొమ్మలు వేసిన ఫ్రెస్కో పద్ధతిలో సున్నపు పూత తడి ఆరకముందే రంగు వేయాలి కనుక, ఆ పూట పూర్తిచేయగలిగినంత మేరకే పూత పూస్తారు. ఆరిన రంగుకు మెరుపు ఉండదు. దుకాణంవారికి ఎంత చెప్పినా ఎక్కనిది ఈ ఒక్క సంగతే. మెరిసే వినైల్ (ప్లాస్టిక్) షీటు వాడడం వల్ల ట్యూబ్‌లైటు వెలుగులో ముఖాలున్న చోట తెల్లటి మచ్చలు కనిపించాయి, కావిరంగు కాస్తా కుంకుమ రంగుకు తిరిగింది. లేపాక్షి పైకప్పు చిత్రాలను చూసిన మన ప్రాంతంవారికి ఈ తేడా ఇట్టే తెలిసిపోతుంది.

అయితే అదనంగా సొమ్ము అడగకుండా మెరుపు లేని మాట్ క్యాన్వాస్‌పై మళ్లీ వేసి ఇచ్చారు. టెన్నెసీ విశ్వవిద్యాలయంలోని ఆమె కుడ్యచిత్రం 1970లో దుండగుల చేతిలో పాడై, ఏళ్ల తరబడి పలకల వెనుక మరుగునపడిన ఉదంతాన్ని చెప్పే పటంలో చిన్న అక్షరాల ఒత్తులు సైతం చెదరలేదు. ధర అందుబాటులోనే ఉంది. పని ఇచ్చేవారు ముందుగా జానెడు నమూనా వేయించి, లైటు కింద చూసుకున్నాకే మిగతా పటాలకు సరేననడం మంచిది.