వైర్‌లెస్ డీవో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) సెన్సారు కొనేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి

భీమవరంలో రొయ్యల చెరువుల సామాను అమ్మే ఆ షాపు మీ అందరికీ తెలిసిందే. పేరు రాయను, రాస్తే నా మీదే కేసంటారు. రెండు నెలల క్రితం సెన్సారు, ట్రాన్స్‌మిటరు, షెడ్డులో పెట్టే రిసీవరు కలిపి 68,000 పోసి కొన్నాను. వాళ్ళ కుర్రాడే వచ్చి బిగించాడు. డీవో 0 నుంచి 20 పీపీఎమ్‌కి రిసీవరు కంట్రోలరుకి పంపే అవుట్‌పుట్ 4 నుంచి 20 మిల్లీయాంప్స్. 4 పీపీఎమ్ కిందికి, అంటే 7.2 మిల్లీయాంప్స్ కిందికి దిగితే కంట్రోలరు ఏరేటర్లు (నీళ్ళని చిలికి గాలి కలిపే యంత్రాలు) ఆన్ చేస్తుంది. నేను మురిసిపోయి, "ఇక రాత్రిళ్ళు మీటరు పట్టుకుని తిరగక్కర్లేదు, పడుకో" అని కాపలా అతనికి చెప్పేశాను. నా తెలివి చూడండి.

మొన్న తెల్లవారుజామున 5 గంటలకి అతనే ఫోన్ చేశాడు, "రొయ్య తేలిపోతోందండీ" అని. వెళ్ళి చూస్తే ఏరేటర్ ఒక్కటీ తిరగడం లేదు. డిస్‌ప్లే మీద మాత్రం దర్జాగా 7.0. చేతి మీటరు ముంచితే 1.4! ఏరేటర్లన్నీ మాన్యువల్‌లో వేశాం. అయినా 60 కౌంట్ (కిలోకి 60 తూగే) రొయ్య 400 కిలోల దాకా పోయింది.

తెల్లారాక రిసీవరు నుంచి కంట్రోలరుకి వెళ్ళే తీగలో మల్టీమీటరు పెట్టాను. 9.6 మిల్లీయాంప్స్, అంటే డిస్‌ప్లే మీదున్న ఆ 7.0 పీపీఎమ్మే. చెరువులో ట్రాన్స్‌మిటరు డబ్బా విప్పితే, ఉప్పుగాలికి బ్యాటరీ క్లిప్పు పచ్చగా చిలుము పట్టి ఊడిపోయి ఉంది. ఆ బ్యాటరీ చేత్తో పట్టుకునే షెడ్డులోకి వచ్చి చూశాను. ఇంకా 9.6! సాయంత్రం అందిన చివరి రీడింగునే రాత్రంతా పట్టుకుని కూర్చుంది మహాతల్లి.

షాపుకి ఫోన్ చేస్తే ఓనరు గారి జవాబు వినండి: "సిగ్నల్ పోతే పాత విలువే ఉంచడం కంపెనీ సెట్టింగండీ. మీరు అడిగితే మార్చేవాళ్ళం." అలా అడగాలని నాకెలా తెలుస్తుందండీ అన్నాను. "పుస్తకం ఇచ్చాం కదా, చదువుకోవాలి" అని నవ్వాడు. అవతల తట్టల్లో చచ్చిన రొయ్య ఎత్తుతుంటే నవ్వాడండీ! పోనీ ఇప్పుడు మార్చండి అంటే, పాస్‌వర్డ్ వాళ్ళ దగ్గరే ఉంటుందట, మనిషి రావాలంటే 2,500 విజిట్ ఛార్జీ అట. అమ్మేటప్పుడు కూల్‌డ్రింక్ కూడా ఇచ్చారు, ఆయ్.

ఆ పుస్తకం ఇప్పుడు చదివాను. సిగ్నల్ పోతే అవుట్‌పుట్ ఏం చెయ్యాలో మనమే పెట్టుకోవచ్చు: పాత విలువ ఉంచాలా, 3.6 మిల్లీయాంప్స్‌కి పడిపోవాలా, 21 దాటాలా. మనకి 3.6 కావాలి. అప్పుడు ఆక్సిజన్ లేదనుకుని కంట్రోలరు ఏరేటర్లు తిప్పేస్తుంది, పోతే కరెంటు బిల్లు పోతుంది. 21 పెడితే బోలెడంత ఆక్సిజన్ ఉందనుకుని ఆపేస్తుంది.

కొనేవాళ్ళు డబ్బు కట్టకముందే ట్రాన్స్‌మిటరు బ్యాటరీ పీకించి, ఒక పది నిమిషాలు ఆగి అవుట్‌పుట్ 3.6కి పడిందో లేదో మల్టీమీటరులో చూడండి. పాస్‌వర్డ్ కాగితం మీద రాయించుకోండి. మా కాపలా అతను మళ్ళీ రాత్రిళ్ళు చేతి మీటరుతో తిరుగుతున్నాడు.