మణికొండ, కేపీహెచ్‌బీ: తేల్చేది నీళ్లే

హైదరాబాద్‌లో ఇల్లు మణికొండలో చూసుకోవాలా, కేపీహెచ్‌బీ కాలనీలోనా అంటే మెట్రో, మాల్స్, అద్దెల సంగతి అందరూ చెప్పేదే, నేను వాటి జోలికి పోను. రెండు చోట్లా నాలుగేసి ఏళ్లు కాపురమున్నాక నాకు తేలిన తేడా ఒక్కటే. నీళ్లు.

మణికొండలో ఇల్లు జనవరిలో చూస్తే ముచ్చటేస్తుంది. ఏప్రిల్‌లో చూడండి. కింద రాతినేల, పైన పక్కపక్కనే అపార్ట్‌మెంట్లు, అన్నీ బోర్ల మీదే ఆధారం. బోరులో నీళ్లలో మునిగి నడిచే సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరిచేది చుట్టూ ఉన్న నీళ్లే. నీటిమట్టం దిగితే పంపు గాలి పీలుస్తుంది, మోటారు లోపలి తీగచుట్ట, అంటే వైండింగ్, కాలిపోతుంది. మా బిల్డింగ్‌లో అదే అయింది. నీళ్లు లేకపోతే మోటారును ఆపేసే డ్రై రన్ ప్రివెంటర్ పెట్టి, అరగంట నడిచి రెండు గంటలు ఆగేలా టైమర్ బిగించాక మోటారు కాలకుండా నిలబడింది గానీ నీళ్లు చాల్లేదు. ఇరవై ఫ్లాట్లు, ఒక్కోదానికి రోజుకు 500 లీటర్లు వేసుకున్నా రోజూ 10,000 లీటర్ల ట్యాంకర్ దిగాలి. ఆ ఖర్చంతా మెయింటెనెన్స్‌లో వచ్చి పడుతుంది. పైగా ట్యాంకర్ పైపు ధారకు సంపు అడుగున మడ్డి లేస్తుంది. వెంటనే మోటారు వేస్తే అది పై ట్యాంకుకెక్కి షవర్లు పూడుకుపోతాయి. గంటసేపు ఆగి వేయమని వాచ్‌మన్‌కు ముందే చెప్పాలి.

కేపీహెచ్‌బీలో వాటర్ బోర్డు నల్లా. పప్పు మెత్తగా ఉడుకుతుంది, గీజర్ రాడ్డుకు సున్నం పట్టదు. మీటరు పనిచేస్తూ ఆధార్ లింకై ఉంటే 2021 నుంచి నెలకు 20,000 లీటర్లు ఉచితం కూడా. ఎంత సుఖమో!

కాకపోతే వచ్చేది రోజు విడిచి రోజు, అదీ కాసేపే. తక్కువ ఆదాయం వాళ్లకని కట్టిన పాత ఎల్ఐజీ ఇళ్లు పడగొట్టి లేపిన ఐదంతస్తుల బిల్డింగుల్లో సంపు చిన్నదైతే అక్కడా ట్యాంకర్ తప్పదు. ఫ్లాట్ల సంఖ్యను రోజుకు 500 లీటర్లతో, రెండు రోజులకు సరిపోవాలి కాబట్టి మళ్లీ రెండుతో గుణించండి. సంపులో అన్ని లీటర్లు పట్టాలి.

ఎక్కడ చూసినా కుళాయి మూతికున్న జాలీ విప్పి చూడండి, తెల్లగా గడ్డకట్టి ఉంటే ఉప్పునీళ్లే. పోయిన మే నెల మెయింటెనెన్స్ రసీదు అడగండి.

ఇంట్లో పెద్దవాళ్లు, పసివాళ్లు ఉన్నారు, రోజూ అమీర్‌పేట వైపు పని. అందుకే మాకు కేపీహెచ్‌బీ. ఉద్యోగం మణికొండకు దగ్గర్లోని ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో అయ్యుండి, బోర్డు కనెక్షన్ ఉన్న బిల్డింగ్ దొరికి ఉంటే మణికొండలోనే ఉండిపోయేవాళ్లమేమో.